నలభై తొమ్మిదో నంబరు ఎడమ బూటు

సూ ఫాల్స్, మోటెల్ గది
నవంబరు 12, 1990

ఆర్డిస్ అత్తకి,

నీ మేనల్లుడు ఇంకా బతికే ఉన్నాడు. ఈ గదిలో హీటరు పనిచెయ్యడం లేదు. కోటు వేసుకుని, చేతికి ఒక్క తొడుగుతో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే నన్ను తిట్టకు.

అసలు సంగతికి వస్తాను. మీ రెడ్ విల్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో గాలెన్ కెస్లర్ అని ఒక లైన్‌బ్యాకర్ ఉన్నాడట, యాభై రెండో నంబరు. రెండో వరసలో నిలబడి, బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి నేలకేసి కొట్టడంలో దిట్ట అంటున్నారు. ఏప్రిల్లో డ్రాఫ్టు, పెద్ద జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే రోజు. మొదటి రౌండ్లలో ఎవర్ని తీసుకోవాలో పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. ఐదో రౌండుకో ఆరో రౌండుకో పనికొచ్చేవాణ్ణి ఎక్కడి నుంచైనా తవ్వి తీసుకురావాలి. అందుకే మా జట్టు నాకు స్కౌటని పేరు పెట్టి ఇలా ఊళ్ళు తిప్పుతోంది.

మా పెద్దాయన డెల్లింగర్ సంగతి నీకు తెలుసుగా. మనుషుల పేర్లు గుర్తుండవు. పదకొండేళ్ళుగా నన్ను "ఓయ్" అనే పిలుస్తున్నాడు. ఆటగాళ్ళకయితే ఆ గౌరవం కూడా లేదు, అంకెలే. "ఆ డెబ్బై ఒకటి ఏమయ్యాడు?" అంటే డెబ్బై ఒకటి ఎవడో మేమే వెతుక్కోవాలి.

కోచ్‌లు అబద్ధాలాడతారు. డాక్టర్లు కోచ్‌ల కోసం అబద్ధాలాడతారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ జట్టు చొక్కాలూ సాక్సులూ ఉతుకుతున్న నువ్వు మాత్రం ఆడవు. అందుకని నిన్నడుగుతున్నాను: వాడి తుంటి బిగుసా, వదులా? మోటారు ఎలా ఉంది, అంటే చివరి నిమిషం దాకా పరిగెత్తుతాడా? గుండె ఉందా?

జవాబు ఆఫీసుకి రాయి.

నీ లైల్


రెడ్ విల్లో, నార్త్ డకోటా
నవంబరు 17

ఒరేయ్ లైల్,

ఎనిమిది నెలల తర్వాత ఉత్తరం వచ్చింది, తుంటి అన్న మాట కనబడింది, పోనీలే వీడికి నా మీద ప్రేమ ఉందనుకున్నాను. తీరా చూస్తే ఎవడి తుంటి గురించో! నాది బిగుసుకుపోయింది నాయనా. మార్చిలో ఫార్గోలో కోసి కొత్తది పెడతారట. నా మోటారు మాత్రం బాగానే ఉంది, అడిగినందుకు సంతోషం.

గాలెన్‌కి గుండె ఉందా అని అడిగావు. ఉంది, ఎడమవైపు. మీరేమన్నా ఆటగాణ్ణి కొంటున్నారా, ఎద్దుని కొంటున్నారా? చేతులు కొలుస్తారు, మెడ కొలుస్తారు, గంతులేయిస్తారు. మొన్న ఇంకో జట్టు వాడెవడో మా బాస్కెట్‌బాల్ కుర్రాడి పళ్ళు కూడా చూశాడు.

నాకు తెలిసిందే చెప్తా. గాలెన్ వాళ్ళు టర్కీ కోళ్ళు పెంచుతారు, ఆరు వేలు. నలుగురిలో నోరు విప్పని పిల్లాడు. తువ్వాలు ఇస్తే మడిచి తెచ్చిస్తాడు, నా ముప్ఫై ఏళ్ళలో అలాంటివాళ్ళు ముగ్గురే. వాడి కాళ్ళు రెండూ ఒక్క కొలత కాదు. కుడిది పద్నాలుగు, ఎడమది పదమూడు. రెండు జతలు కొనడానికి మా కాలేజీకి మనసొప్పదు, అందుకని రెండూ పద్నాలుగే వేసుకుని, ఎడమ బూటు జారకుండా తెల్ల టేపు మూడు చుట్లు చుట్టుకుంటాడు. ఆ టేపు జిగురు సాక్సుకి అంటుకుంటే వదలగొట్టేది ఎవరనుకున్నావు? నేనే.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఇంత మూలకి వచ్చే ఫుట్‌బాల్ స్కౌటువి నువ్వొక్కడివే. నువ్వు వద్దంటే వాడికి ఫోను చేసేవాడు లేడు, ఏప్రిల్ నుంచి టర్కీలే గతి. వాళ్ళ నాన్న అప్పుడే వాడి కోసం కొత్త రబ్బరు బూట్లు కొని గోడకి తగిలించాడట. అవి గుర్తొస్తే వాడి మొహం చూడలేం.

సాక్సుల మహారాణి,
నీ మేనత్త ఆర్డిస్


ఆఫీసు
డిసెంబరు 3

అత్తా,

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ చదివి నవ్వుకున్నాను. తర్వాతదంతా ఉతుకుడు కబుర్లని పైపైన చూశాను, కోప్పడకు.

ఆటల వీడియో టేపులు చూశాను. సెప్టెంబరు ఆటలో మీ కెస్లర్ బాగున్నాడు, ఒప్పుకుంటాను. కానీ అక్టోబరు ఆరు ఆట చూశావా? అదే యాభై రెండు, హెల్మెట్ లోపల మనిషి మాత్రం వేరేవాడేమో అనిపించేలా ఆడాడు! బంతి అటు పోతే వీడు ఇటు. రెండుసార్లు తనంతట తానే వెల్లకిలా పడ్డాడు. ఎదుటివాడు వీణ్ణి దాటుకుని వెళ్ళి స్కోరు చేస్తే, వీడు వెళ్ళి భుజం తట్టి మెచ్చుకున్నాడు! మోటారూ లేదు, మర్యాద మాత్రం దండిగా ఉంది. నివేదికలో "నిలకడ లేదు, వద్దు" అని రాసేశాను. నీకిష్టమైన పిల్లాడు, ఏం చెయ్యను.

ఇంతకీ సంతోషం కబురు. వీడి పక్కనే నలభై తొమ్మిది ఆడాడు చూడు, వెర్నన్ ఓస్ట్ అట, వజ్రమే అత్తా! ఆ ఒక్క ఆటలో పదిహేడుమందిని పడగొట్టాడు. మిగతా టేపుల్లో బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటాడు. ఇలాంటి మొనగాణ్ణి నాలుగేళ్ళు కూర్చోబెట్టిన మీ కోచ్‌కి బుర్ర ఉందా? ఫోను చేసి అడిగితే దగ్గాడు. అదే పనిగా దగ్గాడు.

ఇన్నాళ్ళకి ఎవరికీ కనబడనివాడు నాకు కనబడ్డాడు.

గర్వంతో,
లైల్


డిసెంబరు 8

లైలూ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వి, కూర్చున్నాను. కూర్చుని, భయపడ్డాను.

వెర్నన్ బంగారం లాంటి పిల్లాడు. నిలబడి నిద్రపోతున్న టర్కీని పట్టుకోమన్నా వాడి చేత కాదు. వాడు వజ్రమైతే నేను అందాల రాణిని.

ఆ అక్టోబరు ఆరు టేపు మూసి పెట్టరా. అది తల్లిదండ్రుల దినం. ఆ రోజు మా పిల్లలు ఎవరో ఒకరి కోసం ఆడతారు, ఆట కోసం కాదు. అంతకంటే నేను చెప్పను. చెప్పనని ఒట్టేశాను. ఏమని వేశానో కూడా చెప్పనని వేశాను.

చూడాలనుకుంటే చొక్కాలు చూడకు. చొక్కాలు నావి, కాళ్ళే వాళ్ళవి. కాళ్ళు చూడు.

అత్త


జనవరి 14, 1991

అత్తా, నువ్వు దేవతవి!

నువ్వు చెప్పినట్టే కాళ్ళు చూశాను. నలభై తొమ్మిదివాడి కాళ్ళు! అడుగు వృథా పోదు, ముందే తెలిసినట్టు కదులుతాడు. ఎడమ బూటుకి తెల్ల టేపు మూడు చుట్లు చుట్టుకుని ఆడుతున్నాడు పాపం, కొత్త బూట్లు కొనుక్కునే స్తోమతు కూడా లేదేమో! నివేదికలో "పేదరికాన్ని లెక్కచెయ్యడు" అని ఒక వాక్యం కలిపాను. పెద్దాయన కళ్ళు తడిశాయి.

అవును, డెల్లింగర్ చూశాడు. ఆ టేపు ఒక్కటే చూశాడు, నాలుగుసార్లు. "ఓయ్, ఈ నలభై తొమ్మిదిని నాకు వదిలిపెట్టొద్దు" అన్నాడు. ఇప్పుడు ఆఫీసులో ప్రతివాడూ వాణ్ణి తనే కనిపెట్టానంటున్నాడు. నిన్న టేపులు తిప్పే మనిషి కూడా అన్నాడు.

మీ వెర్నన్‌కి చెప్పకు, తల తిరుగుతుంది.

లైల్


జనవరి 20

నా ఉత్తరాలు చదువుతున్నావా, పొయ్యిలో వేస్తున్నావా? నవంబరు ఉత్తరం తియ్యి. పైపైన చూశానన్నావే, ఆ ఉతుకుడు కబుర్లే మళ్ళీ చదువు. కళ్ళద్దాలు పెట్టుకుని చదువు.

గాలెన్ దగ్గరకి వెళ్ళి బతిమాలాను. "నన్ను చెప్పనివ్వరా, ఒక్క మాట, మా మేనల్లుడికి" అన్నాను. వాడు తువ్వాలు మడుస్తూ, "వద్దు ఆర్డిసమ్మా, మాటంటే మాటే" అన్నాడు. "టర్కీల దగ్గరికి పోతావా?" అంటే, "పోతాను" అన్నాడు. అన్నాడు గానీ, మడిచిన తువ్వాలే మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు.

నీ కోసం లెఫ్సె రొట్టెలు చేసి పెట్టాను. పంపను. తినే యోగ్యత లేదు నీకు.

ఆర్డిస్


మార్చి 18
మీ ఊళ్ళోనే, హోటల్ నుంచి

అత్తా,

ఫార్గోలో తుంటి ఎలా ఉంది? పువ్వులు పంపాను. నీ నవంబరు ఉత్తరం ఎక్కడో పెట్టాను, దొరకలేదు, ఆఫీసంతా వెతికించాను. కోపం తగ్గాక నువ్వే మళ్ళీ రాయి.

ఇవాళ మీ వ్యాయామశాలలో కుర్రాళ్ళని పరీక్షించాను. వెర్నన్ ఓస్ట్ నలభై గజాలు పరిగెత్తాడు. గడియారం చెడిపోయిందనుకుని మళ్ళీ పరిగెత్తించాను. గడియారం బాగానే ఉంది. చివర్లో ఆగలేక తలుపు గుద్దుకున్నాడు. హాలు చల్లగా ఉంది, కండరాలు పట్టేసి ఉంటాయి. ఆట మైదానంలో వేరే మనుషులవుతారు కొందరు.

తర్వాత నా దగ్గరికొచ్చి, "అయ్యా, నేనంత ఆటగాణ్ణి కాదండీ. నన్ను తీసుకోకండి" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. పదకొండేళ్ళలో ఇలాంటివాణ్ణి చూడలేదు! "వినయం: అత్యున్నతం" అని రాశాను.

మీ కెస్లర్ కూడా వచ్చాడు. అందరికంటే వేగంగా పరిగెత్తాడు. గచ్చు మీద పరిగెత్తేవాళ్ళని చాలామందిని చూశాంలే. ఏదో అడగబోయి అడక్కుండా వెళ్ళిపోయాడు.

లైల్


ఫార్గో, ఆసుపత్రి మంచం
మార్చి 25

లైల్,

దీంతో పాటు ఒక పార్సిల్ వస్తుంది. నా బట్టల గది తాళం ఇక్కడి నర్సు చెల్లెలికిచ్చి రెడ్ విల్లో నుంచి తెప్పించాను. అందులో ఒక ఎడమ బూటు ఉంది. వాసన వస్తుంది, కిటికీ తెరిచి విప్పు. చుట్టిన టేపు నేను తియ్యలేదు. లోపల, లేసుల కింద ఉండే నాలిక మీద నా చేత్తో సిరాతో రాసిన పేరుంది. కింద తేదీల వరస, అందులో అక్టోబరు 6 చూడు. కొత్త టేపు ఇచ్చినప్పుడల్లా తేదీ వేస్తాను, లేకపోతే వీళ్ళు వారానికి పెట్టె ఖాళీ చేస్తారు.

నోటితోనూ కలంతోనూ చెప్పనని నా ఒట్టు. బూటు ఏ ఒట్టూ వెయ్యలేదు.

ఆ పేరు చదివి, అక్టోబరు ఆరు ఆట వీడియో పెట్టుకుని చూడరా తెలివైనవాడా.

కొత్త తుంటితో,
ఆర్డిస్


ఏప్రిల్ 2

అత్తా,

కెస్లర్ అని ఉంది.

టేపు పెట్టాను. బూటు బల్ల మీద పెట్టుకుని చూశాను. నలభై తొమ్మిది కాలికి ఈ బూటే. యాభై రెండు కాలికి మామూలు బూట్లు. తర్వాత సెప్టెంబరు టేపు పెట్టాను. అందులో ఈ బూటు యాభై రెండు కాలికే ఉంది. నేను మెచ్చుకున్నదీ వాణ్ణే, వద్దన్నదీ వాణ్ణే. పేదవాడని రాసి మా పెద్దాయన్ని ఏడిపించిందీ వాడి గురించే!

పరిగెత్తుకుంటూ డెల్లింగర్ గదికి వెళ్ళాను. "సార్, ఆ నలభై తొమ్మిది పేరు ఓస్ట్ కాదు…" అన్నానో లేదో, "పేరు నాకెందుకోయ్! నాకు నలభై తొమ్మిది కావాలి. పేర్లు గుమాస్తాలు చూసుకుంటారు" అని ఫోనెత్తాడు. "చొక్కా కాదు సార్, కాళ్ళు చూడండి!" అని అరిచాను, విన్నట్టే లేడు. మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి, "నలభై తొమ్మిది మీద ఇంకో మాటంటే నిన్ను టికెట్లు చింపే పనికి పంపుతా" అన్నాడు. కనిపెట్టింది తనేనని యజమానికి చెప్పేశాడట.

ఇదంతా ఎందుకు జరిగిందో ఇప్పుడైనా చెప్పు. ఒట్టు ఇంకెందుకు, నాకు తెలిసిపోయిందిగా.

సిగ్గుతో,
లైల్


ఏప్రిల్ 8

ఒరేయ్,

సిగ్గని రాశావు చూడు, పార్సిల్‌లో లెఫ్సె పెడుతున్నాను.

విను. వెర్నన్ వాళ్ళది మోంటానాలో పశువుల దొడ్డి. తల్లి లియోటా, భర్త పోయాక ఒక్కతే చూసుకుంటోంది. మొదటి ఏడు మన వెధవ, అమ్మ బెంగపెట్టుకుంటుందని, "నేను యాభై రెండోవాణ్ణి, ప్రతి ఆటా నేనే ఆడుతున్నా" అని ఉత్తరం రాశాడు. ఒకటి రాశాక రెండోది రాయాల్సి వచ్చింది. నాలుగేళ్ళు రాశాడు. గాలెన్ చేసిన ప్రతి పనీ తన పేరున అమ్మకి పంపాడు. కిందటి అక్టోబరులో ఆవిడ నాలుగువందల మైళ్ళు బండి తోలుకుని తల్లిదండ్రుల దినానికి వస్తున్నానని ఫోను చేసింది.

పిల్లాడు నా బట్టల గదిలో కూలబడి ఏడ్చాడు. గాలెన్ తన చొక్కా విప్పి వాడి ఒళ్ళో పడేశాడు. చొక్కాల మీద పేర్లుండవు కదా మాకు, హెల్మెట్లో మొహమూ కనబడదు. ఎదుటిది నీరసం జట్టు, కోచ్ కళ్ళు మూసుకున్నాడు. మైకులో పిలిచేవాడికి నేనే కాఫీ పోసి, ఆ రోజు పేర్లొద్దు, అంకెలు చాలన్నాను. ఇక ఆవిడ పక్కన కూర్చుని, పేర్లున్న కాగితం ఆవిడ చేతికి అందకుండా ఆట మొత్తం దాని మీద కూర్చున్నాను. చలికి నా తుంటి పోయింది అక్కడే అనుకుంటా.

ముగ్గురం ఒట్టేసుకున్నాం. ఆవిడకి తెలియకూడదు. పేపరుకెక్కినా, మీవాళ్ళ నివేదికల్లోకెక్కినా ఏదో ఒకనాడు ఆవిడ చెవిన పడుతుంది. అందుకే గాలెన్ నోరు విప్పలేదు.

తప్పు నాది కూడా. చొక్కాలిచ్చింది నేనే కదా. కానీ చూసింది నువ్వు. వాణ్ణి టర్కీల దగ్గరికి పంపకు లైలూ. ఎలా చేస్తావో నాకు తెలియదు. ఈ ఒక్కటీ చెయ్యి.

నీ అత్త


ఏప్రిల్ 23

అత్తా,

గాలెన్ ఈపాటికి నీ దగ్గరికొచ్చి చెప్పే ఉంటాడు. అయినా నేను చెప్తాను, ఎలా జరిగిందో వాడికి తెలియదు.

ఆరో రౌండు. మా వంతు వచ్చింది. డెల్లింగర్ లేచి నిలబడి బల్ల గుద్ది, "నా నలభై తొమ్మిదిని ఇచ్చెయ్యండి!" అని అరిచాడు. పేరు రాసి ఫోనులో చదివే కార్డు నా చేతిలో ఉంది. ఆయన టేపులో చూసి, కావాలని, ఏడ్చి మరీ అడిగిన మనిషెవరో నాకు తెలుసు. ఆ మనిషి పేరే రాశాను. గాలెన్ కెస్లర్, లైన్‌బ్యాకర్, రెడ్ విల్లో. ఇంత నిజాయితీగా నేనెప్పుడూ కార్డు నింపలేదు.

ఆ పేరు ఫోనులో చదువుతుంటే పెద్దాయన నా పక్కనే ఉన్నాడు. రెప్ప కూడా వెయ్యలేదు. ఆ పేరు ఆయన ఎప్పుడూ వినలేదు. ఓస్ట్ అన్న పేరు నేను చెప్పినా చెవిన పెట్టలేదు.

గాలెన్‌కి నేనే ఫోను చేశాను. వెనక టర్కీల గోల. కబురు విని, "వెర్నన్ వాళ్ళమ్మకి…" అన్నాడు. "తెలియదు నాయనా, నువ్వు బట్టలు సర్దుకో" అన్నాను.

సాయంత్రం ఒక విలేఖరి అడిగాడు: "కెస్లర్ నంబరు యాభై రెండు కదండీ, మీరు నలభై తొమ్మిదంటున్నారేమిటి?" డెల్లింగర్ ఒక్క క్షణం ఆలోచించి, గంభీరంగా అన్నాడు: "చొక్కా చూసేవాడు ఆటగాణ్ణి చూడలేడయ్యా. నేను కాళ్ళు చూస్తాను." అందరూ రాసుకున్నారు. మొదటిసారి ఆయన గదికి వెళ్ళినప్పుడు నేను అరిచింది, నీ మాటే, ఎలాగో చెవిన పడిందన్నమాట.

నీ మేనల్లుడు


రెడ్ విల్లో
మే 14

లైలూ,

కాలేజీ పట్టాల రోజు లియోటా ఓస్ట్ మళ్ళీ వచ్చింది. బండి దిగి సరాసరి నా బట్టల గదికే వచ్చింది. నేను కర్ర పట్టుకుని లేవబోతే, "కూర్చోండి ఆర్డిస్ గారూ, మీరు కూర్చోవడంలో గట్టివారు" అంది. నాకు అర్థం కాలేదు. చేతిసంచీలోంచి మడతలు పడ్డ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అక్టోబరు ఆరు ఆట కాగితం. యాభై రెండు, గాలెన్ కెస్లర్. నలభై తొమ్మిది, వెర్నన్ ఓస్ట్.

"గేటు దగ్గరే ఇచ్చారు. మీరు ఇంకోదాని మీద కూర్చుని చలికి వణుకుతుంటే జాలేసింది, నా దగ్గర ఒకటుందని చెబుదామనిపించింది. చెబితే మీరు బాధపడతారని ఊరుకున్నాను."

"ఎప్పటినుంచి తెలుసమ్మా?" అన్నాను.

"మొదటి ఏడు నుంచీ. మీ కాలేజీ పేపరు పోస్టులో తెప్పించుకుంటాను కదా. వాడు అంత కష్టపడి నన్ను సంతోషపెడుతుంటే, కాదని ఏ నోటితో అనను? నేను వచ్చింది ఆటగాణ్ణి చూడ్డానికి కాదు, నా కొడుకుని చూసుకోడానికి. ఎన్నిసార్లు పడ్డాడో అన్నిసార్లూ లేచాడు. పక్కనున్న ఆ అబ్బాయి ప్రతిసారీ చెయ్యిచ్చి లేపాడు. ఆ చెయ్యి ఎవరిదో చూసి పోదామనే వచ్చాను."

విన్నావా? ఎవరికి తెలియకూడదని మేమంతా నోళ్ళు కుట్టుకున్నామో, ఆవిడకే అందరికంటే ముందు తెలుసు. దాని కోసం ఒక పిల్లాడు తన బతుకునే పణంగా పెట్టాడు. గట్టిగా నవ్వాలనిపించింది, ఏడుపొచ్చింది. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం.

గాలెన్‌ని పిలిచాను. ఆవిడ వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. తెలుసని చెప్పింది. వాడు చెవుల దాకా ఎర్రబడి, "అయితే వెర్నన్‌కి మాత్రం చెప్పకండమ్మా, వాడు బాధపడతాడు" అన్నాడు. చూడు వరస! ఇప్పుడు మళ్ళీ కొత్త ఒట్టు, ఈసారి కొడుకుకి తెలియకుండా. నువ్వు కూడా వేసినట్టే.

మీ జట్టువాళ్ళు వాడికి కొత్త బూట్లు పంపారు. కుడిది పద్నాలుగు, ఎడమది పదమూడు. కొలత పంపింది నువ్వే అయ్యుంటావు, ఉత్తరం చివరికి దొరికిందన్నమాట. వాడు నా ముందే వేసుకుని చూశాడు. రెండూ చక్కగా సరిపోయాయి. తర్వాత టేపు అడిగి తీసుకుని, ఎడమ బూటుకి మూడు చుట్లు చుట్టుకున్నాడు.

"సరిపోయిందిగా, ఇంకా ఎందుకురా?" అన్నాను.

"మీ మేనల్లుడు నన్ను గుర్తుపట్టొద్దా ఆర్డిసమ్మా?" అన్నాడు.

నీ అత్త,
ఆర్డిస్